ఒక్క కొమ్ము తేడా

ఇస్త్రీ పెట్టె వేడెక్కి చాలాసేపయింది. యూనిఫాం చొక్కా బల్ల మీద నలిగిపోయి పడి ఉంది. ఆ రెంటికీ మధ్య, ఇంటి ఇద్దరు కూతుళ్ళలో చిన్నది, చెల్లెలు, చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను చెయ్యను," అంది.

"ముడతల చొక్కాతో బోనెక్కమంటావా?" అన్నాడు ఆమె భర్త, కానిస్టేబులు.

"ఎక్కు. అబద్ధానికి ఇస్త్రీ ఎందుకు?"

పెళ్ళయిన నాటినుంచి అతన్ని 'మీరు' అని తప్ప పిలవని మనిషి. అక్కను అరెస్టు చేసిన సాయంత్రం 'నువ్వు'లోకి దిగింది, ఇంకా పైకి రాలేదు. వీధిలో అతనికి 'ఇస్త్రీ అల్లుడు' అని పేరు. మడత నలుగుతుందని ఖాళీ బస్సులో కూడా నిలబడే వెళ్తాడని వేళాకోళం చేస్తారు. అలాంటివాడు ఆ పొద్దున ఇస్త్రీ పెట్టె వంకా పెళ్ళాం వంకా మార్చి మార్చి చూసి, ఇద్దరిలో పెట్టే కాస్త చల్లగా ఉందని గ్రహించి, నలిగిన చొక్కానే తొడుక్కున్నాడు.

ముందుగదిలో కుట్టుమిషన్లన్నీ ముసుగులు కప్పుకుని ఉన్నాయి. ఇంటి పెద్దమ్మాయి ఆ గదిలోనే ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. "కబుర్లాపి కుట్టండి!" అన్న ఆమె కేక వీధి మలుపుదాకా వినిపించేది. చిన్నా పెద్దా అందరికీ ఆమె కుట్టక్క. ఇప్పుడా కుట్టక్క కుడిచేతికి కట్టుతో జైల్లో ఉంది. మిషన్లన్నీ మూగబోయాయని రాస్తే బాగానే ఉంటుంది కానీ అది నిజం కాదు. ఒకటి మోగుతూనే ఉంది. తల్లి, ఆ పెద్దావిడ, దారం ఎక్కించకుండా ఉత్త మిషను తొక్కుతోంది.

"అత్తయ్యా, కాస్త ఆపండి. తల పగిలిపోతోంది," అన్నాడు కానిస్టేబులు.

"నీ తల పగిలిపోతున్నట్టుంది, అంతే. నా కూతురి చెయ్యి నిజంగానే విరిగింది." మిషను ఆగలేదు. "ఒక్కమాట చెప్పు బాబూ. ఆ రోజు చౌరస్తాలో నా కూతురు మైకులో ఏమంది?"

"స్టేట్‌మెంటులో ఉంది కదా."

"స్టేట్‌మెంటు సంగతి నాకెందుకు? నీ చెవులకేం వినపడింది?"

అతను వంగి బూట్ల లేసులు బిగించుకున్నాడు. జవాబు చెల్లెలు చెప్పింది.

"'కొట్టండి' అందటమ్మా! పోలీసుల్ని కొట్టండని జనాన్ని ఎగదోసిందట. అందుకే పాపం వీళ్ళు లాఠీలు ఎత్తాల్సొచ్చిందట. ఇన్‌స్పెక్టరుగారు రాశారు. కింద ఈయనగారు సంతకం గిలికారు!"

జరిగింది ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. విచారణకని పోలీసులు తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటికి పంపని మనుషులు ఆ ఊళ్ళో కొందరున్నారు. ఎక్కడున్నారంటే ఎవరూ చెప్పరు. వాళ్ళ కోసం ఎదురుచూసే అమ్మలూ భార్యలూ తండ్రులూ తలొక పాతబట్ట పట్టుకుని చౌరస్తాలో కూర్చున్నారు. ఆ బట్టలన్నీ కలిపి ఒక్క పొడుగాటి దుప్పటిగా కుట్టి, పోలీసు స్టేషను ముందు పరవాలన్నది కుట్టక్క ఆలోచన. మైకు పట్టుకుని "కుట్టండి, కుట్టండి" అంటూ వరసల మధ్య తిరుగుతోంది. చేతుల్లో సూదులున్నవాళ్ళ మీదికి లాఠీలు లేచాయి. కుట్టక్కతోపాటు ఇంకొందరినీ పట్టుకెళ్ళారు.

"కుట్టండి, కొట్టండి," అని రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టు అంది పెద్దావిడ. "ఒక్క కొమ్ము తేడా. కొమ్ము పీకేసి ఒత్వం తగిలించారు. నా బిడ్డని తీసుకెళ్ళి లోపల పడేశారు."

"కేసు నిలబడితే ఏళ్ళకేళ్ళు లోపలే," అంది చెల్లెలు. "వకీలమ్మ చెప్పింది. ఆ మాట విన్నానని సంతకం పెట్టిన సాక్షి నువ్వొక్కడివేనట. ఇవాళ నీ నోట్లోంచి ఏమొస్తే అదే మా అక్క బతుకు."

"సంతకం పెట్టాక ఇప్పుడు మాట మారిస్తే నా ఉద్యోగం ఉంటుందా? నన్నూ లోపలేస్తారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నా అవస్థ మీకేం తెలుసు?"

"మా అక్క కప్పా, పామా? అది చెప్పు ముందు."

అతను గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పెద్దావిడ కాళ్ళు ఆపి, మొదటిసారి అల్లుడి మొహంలోకి చూసింది.

"పోనీ, ఇదైనా చెప్పు. దాని చెయ్యి విరగ్గొట్టిన పుణ్యాత్ముడెవరు? నువ్వక్కడే ఉన్నావు కదా, చూడలేదూ?"

"గుంపు అత్తయ్యా. నేనెక్కడో ఆ చివర ఉన్నాను. నాకేం కనపడలేదు."

చెప్తూ చెప్తూ ఒక గుండీని పై కాజాలో పెట్టుకున్నాడు. చొక్కా ఒకవైపు ఎత్తుగా లేచింది. మామూలు రోజయితే ఆ ఇంటి ఆడవాళ్ళు ముగ్గురూ ఒకేసారి అరిచేవాళ్ళు. ఆ పొద్దున ఎవరూ నోరు విప్పలేదు. అతను అలాగే వీధిలోకి నడిచాడు.

*

కోర్టు గది చిన్నది, జనం పెద్దది. వెనక బల్లల మీద చౌరస్తాలో దెబ్బలు తిన్నవాళ్ళంతా కూర్చున్నారు. ఒకరికి నుదుటి మీద ప్లాస్టరు, ఒకరికి చంకలో కర్ర. ముందు వరసలో ఇన్‌స్పెక్టరు కాలు మీద కాలేసుకున్నాడు.

కుట్టక్కను తీసుకొచ్చి బోనులో నిలబెట్టారు. చిక్కిపోయింది. కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది. అయినా లోపలికి రాగానే ఆమె చూపు మరిది చొక్కా మీద పడింది. ఎక్కువ తక్కువ గుండీల కేసి చూసి నొసలు చిట్లించింది. పనిమంతురాలికి పనిలో తప్పు కనపడితే చాలు, జైలూ గియిలూ గుర్తుండవు.

సర్కారు వకీలు లేచి గొంతు సవరించుకున్నాడు. "ఒకటో ముద్దాయి సార్. అలియాస్ కొట్టక్క."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కబల్లకి పాకింది.

"నిశ్శబ్దం!" అన్నాడు మేజిస్ట్రేటు. ఆయన కూడా కళ్ళజోడు సవరించుకున్నాడు. "కొట్టక్కా? అదేం పేరు?"

"రౌడీతనానికి వచ్చిన పేరు సార్. వీధంతా అదే పేరుతో పిలుస్తుంది. నిప్పులేందే పొగరాదు కదా సార్."

"ఏమ్మా, నిజమేనా?"

"వీధంతా పిలిచేమాట నిజమే సార్," అంది కుట్టక్క. "ఆ పేరు పెట్టింది బడికెళ్ళే చంటిపిల్లలు. చిరిగిన జేబులు కుట్టి ఇస్తానని కుట్టక్క అన్నారు. ఈ పోలీసువాళ్ళు దాంట్లో కొమ్ము తీసేసి నన్ను రౌడీని చేశారు. ఇన్నాళ్ళూ కత్తెర పట్టినా రాని గొప్ప, ఒక్క అక్షరంతో వచ్చింది."

ఈసారి నవ్వు ఆపడం బంట్రోతు తరం కాలేదు.

ఎవరి ఫోనులోనో తీసిన వీడియో వేశారు. మైకు గరగరలాడింది. "...ట్టండి! ...ట్టండి!" అన్నది ఒక్కటే తెలుస్తోంది. ముందు అక్షరం ఆ గరగరలో మునిగిపోయింది. మళ్ళీ వేశారు. సర్కారు వకీలుకి 'కొ' వినపడింది. కుట్టక్క తరఫు వకీలమ్మకి 'కు' వినపడింది. మేజిస్ట్రేటు తనలో తాను "కు... కొ..." అనుకుంటూ పెదాలు సున్నాలా చుట్టి చూసుకున్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరి పెదాలూ అలాగే కదిలాయి.

"ఈ మైకుకి జలుబు చేసినట్టుంది," అని విసుక్కున్నాడాయన. "దీన్ని నమ్మి ఎవరినీ జైలుకి పంపలేను, ఎవరినీ ఇంటికీ పంపలేను."

వకీలమ్మ లేచింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. "సార్, నా క్లయింటు మనుషుల దగ్గర దొరికాయని పోలీసులు మారణాయుధాలు సీజు చేశారు. అదిగో ఆ మూట. అందులో ఏముందో ఇంతవరకూ ఎవరూ విప్పి చూడలేదు. విప్పించండి."

"సూదులూ కత్తెరలూ సార్," అన్నాడు సర్కారు వకీలు. "గుచ్చుకుంటాయి."

"నాకు పెళ్ళయి చాలాకాలమైంది. గుచ్చుకోవడం అలవాటే. విప్పండి," అన్నాడు మేజిస్ట్రేటు.

బంట్రోతు ముడి విప్పాడు. కొస పట్టుకుని లాగాడు. వస్తూనే ఉంది.

గళ్ళ చొక్కా ముక్క వచ్చింది. దాని పక్కన బస్సు కండక్టరు కాలరు. నర్సు తెల్లకోటు జేబు. ఉన్ని టోపీ, విప్పి చదునుగా పరిచి కుట్టినది. బంట్రోతు చేతులు చాలక అటూ ఇటూ చూశాడు. వెనక బల్ల మీంచి ఒకావిడ లేచి గబగబా వచ్చి కాలరు దగ్గర పట్టుకుంది.

"మా ఆయనది సార్," అంది. "డ్యూటీ నించి వస్తుంటే బస్టాపులో పట్టుకెళ్ళారు."

"ఆ జేబు మా అమ్మాయిది," అని మరొకాయన వచ్చాడు. "దాంట్లో ఎప్పుడూ చాక్లెట్లుండేవి."

ఒకరి తర్వాత ఒకరు లేచారు. చంకలో కర్రున్న మనిషి కర్ర బల్లకి ఆనించి వచ్చి నిలబడ్డాడు. ఎవరి బట్ట దగ్గర వాళ్ళు పట్టుకున్నారు. చెల్లెలూ పెద్దావిడా కూడా మధ్యలో చేతులు వేశారు. ఆ దుప్పటి గది ఒక గోడనించి బయల్దేరి, తిరిగి, సాక్షి బోను దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. చివరి ముక్క సగమే కుట్టి ఉంది. తెగని దారానికి సూది వేలాడుతోంది. దాని పక్కనే బట్ట మీద బురద బూటు అచ్చు.

ఎవరూ వాళ్ళని కూర్చోమనలేదు. నవ్వులు ఎటుపోయాయో తెలియదు. మేజిస్ట్రేటు మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగకుండానే పెట్టేశాడు.

"సాక్షిని అడగండి," అన్నాడు మెల్లగా.

కానిస్టేబులు సాక్షి బోనెక్కాడు. సూది సరిగ్గా అతని ముందే వేలాడుతోంది.

"ముద్దాయి మైకులో ఏమంది?" అడిగాడు సర్కారు వకీలు.

"క..." అన్నాడు.

"సంతకం పెట్టిన మాటే చెప్పండి. భయమెందుకు?"

ముందు వరసలో ఇన్‌స్పెక్టరు కాలు మీద కాలు తీశాడు. చెల్లెలు దుప్పటిని రెండు చేతులా గుండెలకి అదిమిపట్టుకుంది. కానిస్టేబులు ఎవరివైపూ చూడలేదు. సూది వంక చూశాడు. రోజూ పొద్దున్నే అతన్ని నిద్ర లేపేది ముందుగదిలోంచి వచ్చే వదిన కేకే. అలారం అక్కర్లేని ఇల్లని స్టేషనులో చెప్పుకుని నవ్వేవాడు.

"కుట్టండి," అన్నాడు.

"ఏంటీ?"

"కుట్టండి అంది సార్. కొమ్ము. ఒత్వం కాదు."

గదిలో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడైంది. సర్కారు వకీలు కాగితం ఎత్తి ఊపాడు. "మరి ఈ స్టేట్‌మెంటులో 'కొట్టండి' అని స్పష్టంగా ఉంది! ఆ మాట అక్కడ ఎవరూ అనకుండానే రాశారా?"

"అన్నారు సార్. ఆ మాట కూడా విన్నాను."

"అదీ! ఎవరన్నారు?"

"మా ఇన్‌స్పెక్టరుగారు."

ఆ క్షణాన ఆ కోర్టులో లేనివాళ్ళు ఏం పోగొట్టుకున్నారో వాళ్ళకి తెలియదు. బల్లలు కదిలాయి, దుప్పటి ఆ చివరినించి ఈ చివరికి అలలా ఊగింది, పెద్దావిడ "నా తండ్రే!" అని పైకే అంది. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "కూర్చోండి," అన్నాడు మేజిస్ట్రేటు. కూర్చున్నాడు. వకీలమ్మ అడగాల్సిన ప్రశ్నలన్నీ సర్కారు వకీలే అడిగేశాడు. ఆవిడ చేతులు కట్టుకుని హాయిగా వింటోంది.

"ఆయన కొట్టండి అన్నప్పుడు ఈమె ఏం చేస్తోంది?" మేజిస్ట్రేటే అడిగాడు.

"కండక్టరు నాన్నగారికి సూది పట్టడం రాలేదు సార్. ముసలాయన. ఆయన పక్కన వంగి, చెయ్యి పట్టుకుని చూపిస్తోంది. అదిగో, ఆ సగం కుట్టిన ముక్కే."

"అప్పుడే ఆమె చెయ్యి విరిగిందా?"

"అప్పుడే సార్."

"ఎవరు కొట్టారో చూశావా?"

కానిస్టేబులు బోను చెక్కని గట్టిగా పట్టుకున్నాడు.

"నేనే సార్. మా వదినే. నేనే కొట్టాను."

దుప్పటిలో ఒక చోట బట్ట జారి కింద పడింది. అది చెల్లెలు పట్టుకున్న చోటు.

*

తీర్పు రాయడానికి ఎంతో సేపు పట్టలేదు. కుట్టక్కనీ ఆమెతోపాటు పట్టుకున్నవాళ్ళనీ వదిలెయ్యాలన్నాడు మేజిస్ట్రేటు. దుప్పటి కుట్టినవాళ్ళకే ఇచ్చెయ్యాలన్నాడు. లాఠీలు ఎత్తమన్నది ఎవరో, తప్పుడు మాట రాసింది ఎవరో, తీసుకెళ్ళిన మనుషులు ఎక్కడున్నారో పై అధికారులు వచ్చి తన ముందే చెప్పాలన్నాడు. ఆఖర్న కలం మూస్తూ, "ఈ కేసు కొట్టేస్తున్నాను," అన్నాడు.

"కొట్టండి సార్!" అని అరిచాడు వెనకనించి చంకకర్ర మనిషి. "అదొక్కటీ గట్టిగా కొట్టండి!"

మేజిస్ట్రేటు నవ్వు దాచుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

బయటికొచ్చిన దుప్పటిని చూసి రోడ్డు మీద మనుషులు ఆగారు. దాన్ని తలల మీదికెత్తి పట్టుకున్నారు. "కుట్టండి!" అని ఎవరో అన్నారు. కాసేపట్లో వీధి వీధంతా అదే కేక. ఆ మాటని అంత కోపంగా, అంత సంతోషంగా అనొచ్చని ఆ ఊరికి ఆ రోజే తెలిసింది. కుట్లనేవి ఎన్నడూ వెయ్యని మగవాళ్ళు కూడా గొంతు చించుకుని కుట్టండి, కుట్టండి అన్నారు.

చౌరస్తాలో పోలీసులు అడ్డంగా వరస కట్టి ఉన్నారు. దుప్పటి కింద ఉన్నవాళ్ళ అడుగులు తడబడ్డాయి. ఆ చోటు, ఆ వరస, ఆ కర్రలు వాళ్ళ ఒళ్ళు మర్చిపోలేదు. కుట్టక్క ఒక్కతే నడక మార్చలేదు. తిన్నగా వెళ్ళి ఒక పడుచు కానిస్టేబులు ముందు నిలబడింది.

"నీ భుజం దగ్గర కుట్టు ఊడింది బాబూ," అంది. "వీలున్నప్పుడు ఇంటికి రా. వేసిస్తాను."

ఆ అబ్బాయి భుజం తడుముకున్నాడు. తడుముకుంటూ ఒక అడుగు పక్కకి వేశాడు. పక్కవాడూ జరిగాడు. ఎవరూ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు, మధ్యలో దుప్పటి పట్టేంత దారి ఏర్పడింది. జనం ఆ దారిలోంచి వెళ్ళారు. కండక్టరు తండ్రి వెళ్తూ వెళ్తూ ఒక పోలీసు చెయ్యి నొక్కాడు. ఆ పోలీసు తల వంచుకున్నాడు.

"రేపు పొద్దున మళ్ళీ ఇక్కడే!" అంది కుట్టక్క, మైకు అవసరం లేని గొంతుతో. "ఎక్కడ ఆపామో అక్కణ్ణించే. ఎవరి సూది వాళ్ళు తెచ్చుకోండి!"

*

ఇంట్లో మిషన్ల ముసుగులన్నీ తీసేశారు. నేర్చుకునే పిల్లలు, ఇరుగుపొరుగు, ఎవరెవరో వచ్చి టీ తాగి, కుట్టక్క కట్టు ముట్టుకుని చూసి వెళ్ళారు. సాయంత్రం ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి ఇంట్లోవాళ్ళే మిగిలారు. అప్పుడు వచ్చాడు కానిస్టేబులు. ఎక్కువ తక్కువ గుండీలు ఇంకా అలాగే ఉన్నాయి.

చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు లోపలికొస్తే నేను బయటికి పోతాను."

"నేను నిజం చెప్పాను కదా..."

"కోర్టుకి చెప్పావు. నాకు?" అంది చెల్లెలు. "దాని చేతికి నొప్పెలా ఉందో కనుక్కో అని నన్ను జైలుకి పంపావు. నేనొచ్చి చెప్తుంటే తలాడిస్తూ విన్నావు. మా అమ్మ పొద్దున మొహం మీదే అడిగితే ఆ చివర ఉన్నానన్నావు. ఇంటికొచ్చి నా పక్కన ఎలా కూర్చున్నావు నువ్వు?"

పెద్దావిడ మిషను ముందు కూర్చుని చక్రం మీద చెయ్యి వేసి ఉంచింది. అల్లుడి వంక చూడలేదు.

"వదినా," అన్నాడు అతను, చెల్లెలి భుజం మీంచి లోపలికి. "ఆ రోజు మీరు నన్ను చూశారా?"

"మొహం చూడలేదు. వంగి ఉన్నాను కదా, బూట్లు చూశాను," అంది కుట్టక్క. "బురదలో కూడా మెరిసే బూట్లు ఈ ఊళ్ళో ఇంకెవరికున్నాయి?"

చెల్లెలు గిరుక్కున తిరిగింది. "నీకు తెలుసా? తెలిసి ఎవరికీ చెప్పలేదా?"

"నా నోటితో చెప్తే పగ అంటారే. అతని నోటితో వస్తే సాక్ష్యం. వస్తుందో రాదోనని లోపల ఎన్ని రాత్రుళ్ళు ఏడ్చానో నాకు తెలుసు." ఆమె కళ్ళు నిజంగానే తడిశాయి. తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తబోయి, కట్టు గుర్తొచ్చి ఎడంచెయ్యి ఎత్తింది. "నువ్వు నన్ను కొట్టావు మరిదీ. అది నేను మర్చిపోను. నువ్వు ఇవాళ చెప్పావు. అదీ మర్చిపోను. రెండూ ఉంటాయి, ఏం చేస్తాం?"

బల్ల మీద మడిచి పెట్టిన దుప్పటిలోంచి ఆ సగం కుట్టిన ముక్క అంచు తీసుకుని, సూదితో సహా గుమ్మం దాకా లాక్కొచ్చింది.

"లోపలికి రావద్దంది కానీ నిన్ను పొమ్మనలేదు. గుమ్మం మీద కూర్చో. నా చెయ్యి పోగొట్టావు, నీ చెయ్యి ఇటివ్వు. రేపటికి ఈ ముక్క పూర్తవ్వాలి. కుట్టడం వచ్చా?"

"గుండీ దాకా వచ్చు."

"ఆ గుండీలు చూస్తూనే ఉన్నాం," అంది పెద్దావిడ. పొద్దున అతను ఇల్లు కదిలాక అల్లుడితో ఆవిడ అన్న మొదటి మాట అది.

అతను గుమ్మం మీద కూర్చున్నాడు. సగం లోపల, సగం బయట. పాత దారం తెంపి కొత్తది ఎక్కించాడు. ఆ ముక్కలో మిగిలిన అంచుని పక్క బట్టకి కలుపుతూ వంకర టింకరగా కుట్టుకుంటూ పోయాడు. వేలికి గుచ్చుకుంది, అబ్బా అనలేదు. చెల్లెలు గోడకి ఆనుకుని చూస్తోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

అప్పుడే వీధి మలుపులో పోలీసు జీపు తిరిగింది. ఇంటిముందుకొచ్చి ఆగింది.

"ఇన్‌స్పెక్టరుగారు రమ్మంటున్నారు," అన్నాడు డ్రైవరు, దిగకుండానే. "ఉన్నపళంగా. యూనిఫాం అక్కడ అప్పజెప్పాలట."

కుట్టక్క లేచి నిలబడింది. పెద్దావిడ చెయ్యి చక్రం మీద బిగిసింది. కానిస్టేబులు సూది బట్టకి గుచ్చి, లేవబోయాడు.

చెల్లెలు గోడ వదిలి వచ్చింది. వంగి, దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. అతను అంతసేపూ వేసిన కుట్లన్నీ జరజరా ఊడి ఆమె చేతిలోకి వచ్చేశాయి.

"ముడి వెయ్యలేదు," అంది. "ముడి వెయ్యకుండా ఎంత కుడితే మాత్రం ఏం లాభం?"

జీపు హారను మోగింది. ఆమె అటు తిరగలేదు. ఊడిన దారం అతని ఒళ్ళో పడేసింది.

"వాళ్ళు ఆగుతారు. ముడి వేసి, మొదట్నించి కుట్టండి."

ఆ చివరి 'అండి' లోపల మిషను ముందున్న పెద్దావిడకి కూడా వినపడింది. ఆవిడ తల ఎత్తింది. కానిస్టేబులు లేవబోయినవాడల్లా కూర్చున్నాడు. దారం కొస నోట తడిపి, వేలికి చుట్టి, ముడి వెయ్యడం మొదలుపెట్టాడు.

బయట జీపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.